ఒక లెన్సు, నాలుగు దారులు: విదేశీ సరుకు పాడైతే ఎవరిని నిలదీయాలి?

మా బావమరిది గుంటూరులో పెళ్లి ఫోటోలు తీస్తాడు. మొన్న ఫోను చేసి ఒక లెన్సు పేరు చెప్పి, దానికి దొరికిన నాలుగు ధరలు వరసగా చదివాడు. ఇక్కడి దిగుమతిదారు తెచ్చి అమ్మేది అన్నిటికంటే ఖరీదు. అదే యాప్‌లో విదేశీ విక్రేత నేరుగా పంపేది కొంచెం తక్కువ. జర్మనీలోని ఒక కెమెరా దుకాణం సైటులో 595 యూరోలు. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు అక్కడ కొని సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తే అన్నిటికంటే చవక.

"ఏది కొనమంటావు బావా?" అన్నాడు.

"పాడైతే ఎవరి కాలరు పట్టుకుంటావు?" అన్నాను.

"పాడైనప్పుడు చూసుకుందాంలే" అన్నాడు. చాలామంది కొనుగోలుదారులు అనేమాట అదే. ధరలు పక్కపక్కన పెట్టి చూపే సైట్లు బోలెడు ఉన్నాయి. హక్కులను అలా పెట్టి చూపేవి లేవు. అందుకని వాడికి చెప్పినదంతా కొంచెం విడమరిచి ఇక్కడ రాస్తున్నాను. లెన్సు స్థానంలో మీరు బూట్లు, గడియారం, మిక్సీ ఏదైనా పెట్టుకోండి, లెక్క పెద్దగా మారదు.

ఒక మాట ముందే. సరుకు విషయంలో మీకున్న హక్కు వేరు, మీ వివరాల విషయంలో, అంటే పేరు, చిరునామా, కార్డు, ఫోను నంబరు విషయంలో మీకున్న హక్కు వేరు. ఈ రెండూ ఒకే దారిలో నడవవు. ఒకచోట సరుకుకు గట్టి రక్షణ ఉండి వివరాలకు అంతంతమాత్రంగా ఉంటుంది. ఇంకొకచోట సరిగ్గా తిరగబడుతుంది.

దిగుమతిదారు తెచ్చిన సరుకు

ఈ దారిలో ధర చేదుగానే ఉంటుంది. దిగుమతి సుంకం, జీఎస్టీ, దిగుమతిదారు లాభం అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. ఆ ఎక్కువ డబ్బుకు బదులుగా దొరికేది ఒక పేరు, ఒక చిరునామా. విదేశం నుంచి వచ్చిన ప్యాకెట్టు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం ఉండాలని తూనికలు, కొలతల నియమాలు చెబుతున్నాయి. పెట్టె మీద అతికించిన ఆ చిన్న తెల్ల స్టిక్కరును మనం ఎప్పుడూ చదవం. కోర్టు కాగితం ఎవరి పేరున వెళ్లాలో ఆ స్టిక్కరే చెబుతుంది. పెట్టె విప్పేముందు దాన్ని ఒక ఫోటో తీసి ఉంచుకోండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాంట్లో మనకు బాగా పనికొచ్చే మార్పు ఒకటుంది. విక్రేత ఢిల్లీలో ఉన్నా ముంబైలో ఉన్నా, ఫిర్యాదు మీరు నివసించే చోట లేదా పనిచేసే చోట ఉన్న వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు. గుంటూరు మనిషి గుంటూరులోనే వేస్తాడు. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల వరకు రుసుము లేదు. ఇంట్లో కూర్చుని ఈ-జాగృతి పోర్టల్లో దాఖలు చేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. పరీక్షలు అక్కర్లేని కేసును 3 నెలల్లో, ప్రయోగశాల పరీక్ష కావలసిన కేసును 5 నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. కమిషన్ మెట్లెక్కినవారికి ఆ నెలలు ఎంత పొడవో తెలుసు. అయినా చాలా కేసులు అంతదాకా వెళ్లవు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి నమోదు చేయించిన ఫిర్యాదుకే కంపెనీలు దిగివస్తుంటాయి.

దీనికి తోడు 2020 ఈ-కామర్స్ నియమాలు ఉన్నాయి. ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. లోపమున్న సరుకు, నకిలీ సరుకు, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకు, చెప్పిన గడువు దాటి వచ్చిన సరుకు, వీటిని వెనక్కి తీసుకోనని విక్రేత అనడానికి వీల్లేదు. కానీ 'నచ్చలేదు, తీసేసుకోండి' అనే హక్కు మన చట్టంలో లేదు. ఏడు రోజులు, పది రోజులు అంటూ యాప్‌లు ఇచ్చేది వాటి వ్యాపార విధానం. సరుకును బట్టి మారుతుంది, రేపు ఎత్తేయవచ్చు కూడా.

ఇంకొక సెక్షను గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. విదేశీ ఛార్జరు పేలి చెయ్యి కాలిందనుకోండి. తయారీదారు ఎక్కడో చైనాలోని షెన్‌జెన్‌లో ఉన్నాడు, నోటీసు అందదు. అప్పుడు 86వ సెక్షను ప్రకారం ఆ బాధ్యత ఇక్కడ అమ్మినవాడి మీదికి వస్తుంది. తయారీదారు మన చట్టానికి అందకుండా ఉన్నాడన్నదే అమ్మినవాణ్ణి పట్టుకోవడానికి కారణమవుతుంది. మీటలున్న వస్తువు, కరెంటు పెట్టే వస్తువు, పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు ఈ దారిలోనే కొనమని నేను పట్టుబట్టేది ఇందుకే. బొమ్మలకు 2021 జనవరి నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది. ఆ ముద్ర లేని విదేశీ బొమ్మ ఎంత ముద్దొచ్చినా వదిలేయండి.

మా బావమరిది ఇక్కడొక ప్రశ్న వేశాడు. "నేను వ్యాపారానికి కదా కొంటున్నది, నన్ను వినియోగదారుడంటారా?" మంచి ప్రశ్న. వ్యాపారం కోసం కొన్నవారిని చట్టం పక్కన పెడుతుంది. కానీ సొంత చేతిపనితో పొట్ట పోసుకోవడానికి కొన్నవారిని అందులోంచి మినహాయించింది. కుట్టుమిషను కొన్న దర్జీ, ఆటో కొన్న డ్రైవరు, లెన్సు కొన్న పెళ్లి ఫోటోగ్రాఫరు మన చట్టం దృష్టిలో వినియోగదారులే. ఈ మాట గుర్తుంచుకోండి, జర్మనీ దగ్గర మళ్లీ వస్తుంది.

ఈ దారిలో వివరాల సంగతి మాత్రం అంత గొప్పగా లేదు. కార్డు వరకు ఫరవాలేదు. 2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలోని వ్యాపారులు కార్డు నంబరు దాచుకోకూడదు, దానికి బదులు టోకెన్ అనే మారు నంబరు మాత్రమే ఉంటుంది. మిగతా వివరాలకు 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అసలైన బాధ్యతలు అమలయ్యేది 2027 మేలో. అప్పటినుంచి మీ సమ్మతి అడిగే నోటీసును తెలుగులో చూపమని కోరవచ్చు, వివరాలు చెరిపేయమని అడగవచ్చు. వివరాలను కాపాడలేకపోయిన కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు వెళుతుంది, నష్టపోయిన మనిషికి పరిహారం అన్న మాట ఆ చట్టంలో లేదు. అబద్ధపు ఫిర్యాదు చేసినవాడికి మాత్రం 10 వేల దాకా జరిమానా ఉంది.

యాప్ మనది, విక్రేత పరాయివాడు

నా దృష్టిలో జనం ఎక్కువగా మోసపోయే దారి ఇదే. మోసం అంటే చట్టవిరుద్ధమని కాదు, చూపుకు మోసం. అదే యాప్, అదే కార్ట్, అదే డెలివరీ కుర్రాడు. దాంతో హక్కులూ అవే అనుకుంటాం. నిబంధనలు తెరిచి చదివితే చాలాచోట్ల 'ఈ సరుకుకు దిగుమతిదారు మీరే' అన్న వాక్యం కనిపిస్తుంది. కస్టమ్స్ వారి ముందు దిగుమతిదారు ఆ కంపెనీ కాదు, గుంటూరులోని మా బావమరిది. సరుకు ఆగిపోతే, ముద్ర లేదని తిప్పి పంపేస్తే, సుంకం ముందు చెప్పినదానికంటే పెరిగితే అతనే జవాబు చెప్పుకోవాలి.

గుర్తు పట్టడం ఎలా? సరుకు పేజీలో విక్రేత పేరు మీద నొక్కండి. చిరునామా షెన్‌జెన్ అనో, న్యూజెర్సీ అనో ఉంటే ఇది రెండో దారి. దిగుమతిదారు పేరుండాల్సిన చోట ఖాళీగా ఉన్నా, ధరకు పక్కన 'దిగుమతి రుసుము డిపాజిట్' లాంటి పద్దు ఉన్నా, మిమ్మల్ని పాన్ లేదా పాస్‌పోర్టు ప్రతి అడిగినా ఇది రెండో దారే.

కాగితం మీద మన చట్టం ఇక్కడా వర్తిస్తుంది. భారత్‌లో స్థాపితం కాకపోయినా, క్రమం తప్పకుండా భారతీయులకు సరుకు అమ్మజూపే ఈ-కామర్స్ సంస్థలకు 2020 నియమాలు వర్తిస్తాయని స్పష్టంగా రాశారు. ఇక్కడ ప్లాట్‌ఫామ్ కంపెనీకి దేశంలో ఆఫీసు ఉంది, ఫిర్యాదుల అధికారి ఉన్నారు. కాబట్టి కాలరు పట్టుకోవడానికి కనీసం ఒకరు దొరుకుతారు. ఆయన మొదట చెప్పేది 'మేము మధ్యవర్తులం మాత్రమే' అని. అక్కడ ఆగిపోకూడదు. 48 గంటల నియమం, నెల నియమం ప్లాట్‌ఫామ్‌కూ వర్తిస్తాయి. అది సమాధానం ఇవ్వకపోవడం సేవాలోపమే.

వారంటీ విషయం ముఖ్యం. కెమెరాలు, ల్యాప్‌టాప్‌లు, గడియారాల వారంటీ చాలాసార్లు కొన్న దేశానికే పరిమితం. లెన్సు నిజమైనదే అయినా హైదరాబాదులోని సర్వీసు సెంటరు 'ఇది మా దిగుమతి కాదు' అని తలుపు మూసేస్తుంది. మొదటి దారికీ రెండో దారికీ ధరలో తేడా పదిశాతంలోపే ఉంటే రెండో దారి గురించి నేను ఆలోచించను కూడా.

నేరుగా జర్మనీ, లేదా మరో దేశం

ముందు డబ్బు లెక్క. జర్మనీ సైటులో కనిపించే ధరలో 19 శాతం విలువ ఆధారిత పన్ను కలిసి ఉంటుంది. ఐరోపా బయటికి పంపే సరుకుకు ఆ పన్ను తీసేయవచ్చు. 595 యూరోల లెన్సు 500 అవుతుంది. డెలివరీ చిరునామాలో ఇండియా అని పెట్టగానే ధర తగ్గితే ఆ దుకాణానికి ఎగుమతి అలవాటుందని అర్థం. తగ్గకపోతే మీరు రెండు దేశాలకు పన్ను కడుతున్నారు. ఆపైన మన కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కొరియర్ వారి క్లియరెన్సు రుసుము, కార్డు మీద సాధారణంగా 2 నుంచి 3.5 శాతం విదేశీ మారకపు రుసుము కలపాలి. సుంకం రేటు బడ్జెట్టును బట్టి మారుతుంటుంది కాబట్టి పాత బ్లాగుల్లోని లెక్కలు నమ్మకండి.

ఇప్పుడు హక్కులు. ఐరోపా సమాఖ్యలో ఆన్‌లైన్‌లో కొన్నవారికి 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కి ఇచ్చే హక్కు ఉంది. ఆ హక్కు గురించి విక్రేత ముందే చెప్పకపోతే గడువు మరో 12 నెలలు పెరుగుతుంది. సరుకు లోపాలకు రెండేళ్ల చట్టబద్ధ బాధ్యత ఉంది. మొదటి ఏడాదిలో బయటపడిన లోపం మొదటినుంచీ ఉన్నదేనని జర్మనీ చట్టం భావిస్తుంది, ఫ్రాన్స్‌లో ఆ భావన రెండేళ్లూ ఉంటుంది. చదువుతుంటే నోరూరుతుంది. కానీ గుంటూరులో కూర్చుని కొనేవాడికి ఇవి అలాగే వస్తాయనుకుంటే పొరపాటు. 'కొనే సమయానికి ఐరోపా సమాఖ్య సభ్యదేశ పౌరులు కాని, నివాసమూ డెలివరీ చిరునామా సమాఖ్య బయటే ఉన్న వినియోగదారులకు వాపసు హక్కు లేదు' అనే వాక్యం చాలా జర్మన్ దుకాణాల నిబంధనల్లో కనిపిస్తుంది. బావమరిది చూపిన దుకాణంలోనూ, అనువాదం పెట్టి చూస్తే, సరిగ్గా అదే ఉంది.

ఒకవేళ అది లేకున్నా అతనికి ఇంకొక చిక్కు ఉంది. ఐరోపాలో వినియోగదారుడంటే వృత్తికి, వ్యాపారానికి సంబంధం లేకుండా కొనేవాడు. గుంటూరులో వినియోగదారుడైన పెళ్లి ఫోటోగ్రాఫరు మ్యూనిక్‌లో వ్యాపారి. అదే మనిషి, అదే లెన్సు.

మరి గుంటూరు కమిషన్‌లోనే జర్మన్ దుకాణం మీద కేసు వేస్తే? వేయవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. తీర్పు కూడా మీకు అనుకూలంగా రావచ్చు. తర్వాత దాన్ని అక్కడ అమలు చేయించాలి. 60 వేల రూపాయల లెన్సు కోసం జర్మనీలో వకీలును పెట్టుకునే మనిషిని నేను చూడలేదు. అమెరికా సంగతీ ఇంతే. మన తీర్పులను అక్కడ, అక్కడివి ఇక్కడ నేరుగా అమలు చేసే ఒప్పందం రెండు దేశాల మధ్య లేదు.

ఇదంతా చూసి విదేశీ సైట్లు వద్దని తేల్చేయబోతే వివరాల దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. ఐరోపా డేటా చట్టం జీడీపీఆర్ 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. దుకాణం ఐరోపాలో ఉంటే చాలు, కొనేవాడు ఏ దేశంవాడు, ఎక్కడుంటాడు అని అది అడగదు. వాపసు హక్కు లేదన్న అదే జర్మన్ దుకాణానికి మా బావమరిది 'నా గురించి మీ దగ్గర ఏమేం ఉన్నాయో పంపండి' అని రాస్తే, మామూలుగా నెల రోజుల్లో ఉచితంగా పంపాలి. చెరిపేయమంటే, బిల్లుల్లాంటివి చట్టం ఉంచమన్నవి తప్ప, చెరిపేయాలి. పంపకపోతే అక్కడి డేటా పరిరక్షణ కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు. దుకాణం జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో ఉంటే ఆ కార్యాలయం అన్స్‌బాఖ్ అనే ఊళ్లో ఉంది. వివరాలు దుర్వినియోగమై నష్టం జరిగితే మన చట్టంలో లేని పరిహారపు హక్కు కూడా అక్కడ ఉంది. ఆ కార్యాలయాలు ఊరికే కూర్చోవు. 2021లో అమెజాన్‌కు లక్సెంబర్గ్ అధికారులు 74.6 కోట్ల యూరోల జరిమానా విధించారు. కుకీల (సైటులో మన కదలికలను గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్ల) విషయంలో ఫ్రాన్స్ డేటా సంస్థ 2025 సెప్టెంబరులో దుస్తుల సైటు షీన్ అనుబంధ కంపెనీకి 15 కోట్ల యూరోలు వేసింది.

అమెరికాలో దీనికి తలకిందులు. దేశమంతటికీ ఒకే డేటా చట్టం లేదు. కాలిఫోర్నియాకు గట్టి చట్టం ఉంది, 2020 జనవరి 1 నుంచి. అది రక్షించేది కాలిఫోర్నియా నివాసులను. దుకాణం శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నా కొనేది గుంటూరు మనిషి అయితే ఆ చట్టంలో అతనికి చోటు లేదు. సరుకు వాపసు కూడా అక్కడ ఆన్‌లైన్ కొనుగోళ్లకు కేంద్ర చట్టం ఇచ్చిన హక్కు కాదు, దుకాణం విధానం. ఇంటింటికీ తిరిగి అమ్మేవారి కోసం పెట్టిన మూడు రోజుల రద్దు నియమాన్ని ఆన్‌లైన్‌కు అంటగట్టి కొందరు సలహాలిస్తుంటారు, అది తప్పు. పైగా నిబంధనల్లో వివాదాన్ని కోర్టు బయటే తేల్చుకోవాలనే మధ్యవర్తిత్వపు షరతు ఉంటే కోర్టు గడప తొక్కడమూ కష్టం.

చైనా సైట్ల గురించి పెద్దగా చెప్పను. 2020లో మన ప్రభుత్వం నిషేధించిన యాప్‌లలో షీన్, అలీఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. షీన్ 2025 ఫిబ్రవరిలో రిలయన్స్ చేతుల మీదుగా, వివరాలు భారత్‌లోనే ఉంచే ఏర్పాటుతో తిరిగొచ్చింది. అంటే హక్కుల విషయంలో ఇప్పుడది మొదటి దారిలాంటిదే. నిషేధించిన వాటిని దొడ్డిదారిన తెరిచి కొనేవారు ఏ చట్టం సాయమూ ఆశించకూడదు.

నేరుగా కొన్న ముచ్చట నాదీ ఒకటుంది. కొన్నేళ్ల కిందట ఒక విదేశీ సైటులో ట్రైపాడ్ తల కొన్నాను. వచ్చినదాన్ని స్టాండుకు బిగించే మర సైజు వేరు. వాపసు పంపమన్నారు, ఖర్చు నాదేనన్నారు. కొరియర్ ధర అడిగితే వస్తువు ధరకంటే ఎక్కువ. లోపమున్న సరుకు 30 రోజుల్లో తిరిగి ఎగుమతి చేస్తే కట్టిన దిగుమతి సుంకం వెనక్కి ఇచ్చే సెక్షను కస్టమ్స్ చట్టంలో ఉంది. ఒక్క పార్సిలు కోసం ఆ కాగితాల వెంట తిరిగితే సుంకం కంటే పెట్రోలు ఎక్కువవుతుంది. చివరికి డబ్బు తెచ్చిపెట్టినది ఏ చట్టమూ కాదు, బ్యాంకు కార్డు.

చట్టం చేరని చోట కార్డు

దాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్కుల నియమం అది. సరుకు రాకపోయినా, చెప్పినట్టు లేకపోయినా మీ బ్యాంకు ద్వారా వివాదం లేవనెత్తవచ్చు, సాధారణంగా 120 రోజుల్లోపు. విక్రేత ఏ దేశంలో ఉన్నా కార్డు నెట్‌వర్కు లోపలే ఉంటాడు కాబట్టి అతని కాలరు అక్కడ దొరుకుతుంది. నాకు పనికొచ్చింది ఒకే ఒక్క ఈమెయిలు. 'వాపసు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను, మీ ఖర్చుతో తీసుకువెళ్లే ఏర్పాటు చేయండి' అని రాశాను, వాళ్లు కాదన్నారు. ఆ కాదన్న జవాబే నా సాక్ష్యం. కాబట్టి ఫోనులోనో చాట్‌లోనో పోట్లాడకండి, ఈమెయిల్లో పోట్లాడండి.

ఆ ఒక్క కారణంగానే విదేశీ సైటులో డెబిట్ కార్డు కంటే క్రెడిట్ కార్డు మేలు. వివాదం తేలేదాకా ఇరుక్కుని ఉండేది మీ ఖాతాలోని జీతం కాదు. బ్యాంకు బదిలీ, వాలెట్ బదిలీ అడిగే విదేశీ దుకాణాన్ని అక్కడికక్కడే మూసేయండి.

ఇబ్బందీ ఉంది. మన దేశపు టోకెన్ నియమం విదేశీ దుకాణాన్ని కట్టడి చేయదు, అసలు కార్డు నంబరే వారి దగ్గర ఉండిపోవచ్చు. ఓటీపీ అడగకుండానే డబ్బు వెళ్లిపోవడం చూసి మా అత్తగారు ఒకసారి బెంబేలెత్తారు. కార్డుల మీద విదేశీ లావాదేవీలను మనమే తెరిచి మూసుకునే సదుపాయం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2020లో ఆదేశించింది. కొనే రోజు తెరిచి, పరిమితి లెన్సు ధరకు కొంచెం పైన పెట్టి, డబ్బు కట్టగానే మూసేయండి. కార్డు వివరాలు దాచమని అడిగే గడిలో ముందే టిక్కు పెట్టి ఉంటే తీసేయండి. ఎక్కడో లీకై మీకు తెలియని ఖర్చు కనిపిస్తే, మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే మీ బాధ్యత సున్నా అని 2017 రిజర్వు బ్యాంకు సర్క్యులర్ చెప్పింది. నాలుగోరోజు నుంచి లెక్క మారుతుంది.

ధరను రూపాయల్లో చూపించి 'రూపాయల్లోనే కట్టండి' అని ఊరించే సైట్లుంటాయి. ఆ మారకపు రేటు సాధారణంగా నష్టమే, యూరోల్లోనే కట్టండి.

పార్సిలు దారిలో ఉండగా వచ్చే దొంగ సందేశాల సంగతి మరవకండి. 'కస్టమ్స్ సుంకం కట్టకపోతే మీ పార్సిలు నాశనం చేస్తాం' అని లింకు వస్తుంది. నిజంగా పార్సిలు ఎదురుచూసేవాడే అందులో పడతాడు. లింకు నొక్కకుండా కొరియర్ సైటులో ట్రాకింగ్ నంబరు మీరే కొట్టి చూడండి. డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

మేనల్లుడి సూట్‌కేసు

చవక, సుఖం, ఆప్యాయత. చట్టం దృష్టిలో మాత్రం కొన్నది మేనల్లుడు. వివాదం వస్తే ఫోను చేయాల్సింది అతనే, కార్డు హక్కులూ అతనివే. సరుకు చేరకపోవడం లాంటి పొరపాట్లను బిల్లు వచ్చిన 60 రోజుల్లో రాతపూర్వకంగా సవాలు చేసే హక్కు అక్కడి కేంద్ర చట్టం అతనికిచ్చింది. మీ వివరాలు ఎవరి దగ్గరికీ వెళ్లవు, మేనల్లుడివి వెళతాయి. ఈ విషయం అతనికి చెప్పకపోవడమే మంచిది.

చిక్కల్లా గడువులతో. అక్కడ వాపసు గడువు తరచుగా 15 నుంచి 30 రోజులు. అతను ఆగస్టులో కొని జనవరిలో తెస్తే, మీరు పెట్టె విప్పేసరికి గడువు చచ్చి నాలుగు నెలలవుతుంది. అక్కడి పెద్ద దుకాణాలు చాలావరకు పండుగ సీజనులో కొన్నవాటికి వాపసు గడువును జనవరి దాకా పొడిగిస్తాయి. నవంబరు, డిసెంబరుల్లో కొనిపించండి, అక్కడే పెట్టె విప్పించి వీడియో కాల్‌లో పరీక్షించండి. లెన్సయితే ఒక తెల్లగోడ ఫోటో, ఒక రాత్రి దీపం ఫోటో తీయించి పంపించుకోండి.

కస్టమ్స్‌లో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తేవచ్చు. మిగతావన్నీ కలిపి సామాను పరిమితి లోపల ఉండాలి, బిల్లు చేతిలో ఉండాలి. 'గిఫ్టు' అని రాసి కొరియర్లో పంపితే సుంకం పడదన్న నమ్మకం ఇంకా తిరుగుతోంది. 2019 డిసెంబరులోనే ఆ తలుపు మూశారు, రాఖీలకు, ప్రాణరక్షక మందులకు తప్ప.

అటునుంచి ఇటు కొనేవారికి

డాలస్, లండన్, మ్యూనిక్‌లలో ఉండి ఇక్కడి నుంచి చీరలు, పచ్చళ్లు తెప్పించుకునే మనవారికి బొమ్మ తిరగబడుతుంది. ఐరోపా వినియోగదారులను ఉద్దేశించి యూరోల్లో ధరలు పెట్టి అమ్మే విజయవాడ సైటుకు అక్కడి 14 రోజుల నియమమూ జీడీపీఆర్ కూడా వర్తిస్తాయి. చీర వెనక్కి ఇవ్వవచ్చు. దానితోపాటు మీ కొలతలకు కుట్టించిన జాకెట్టు ఇవ్వలేరు, కొలతలకు చేసినవాటికి, త్వరగా పాడయ్యేవాటికి మినహాయింపు ఉంది. ఆవకాయ ఫరవాలేదు గానీ కోడిమాంసం పచ్చడి, పాలకోవా ఐరోపా సరిహద్దులో ఆగిపోతాయి.

బ్రిటన్‌లో ఉన్నవారి చేతిలో ఇంకా మంచి ఆయుధం ఉంది. 100 పౌండ్లకు పైబడి 30,000 వరకు ధరున్న వస్తువును అక్కడి క్రెడిట్ కార్డుతో కొంటే, 1974 వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షను ప్రకారం విక్రేత తప్పుకు కార్డు సంస్థ కూడా బాధ్యురాలు. విదేశాల్లో కొన్నవాటికీ ఇది వర్తిస్తుందని 2007లో అప్పటి అక్కడి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. కాబట్టి పట్టుచీర విడిగా 90 పౌండ్లయితే, 110 పౌండ్ల చీర కొనడం ఒక్కోసారి తెలివైన పనే (ఈ వాదన మా చెల్లెలిది, నాది కాదు). అమెరికాలో 800 డాలర్లలోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో అన్ని దేశాలకూ పోయింది. ఆ గందరగోళంలో మన తపాలాశాఖ అమెరికా పార్సిళ్లనే కొన్ని వారాలు ఆపేసింది. ఇప్పుడు సుంకం ఎవరు కడతారో ఆర్డరుకు ముందే విక్రేత చేత రాయించుకోండి.

మా బావమరిది చివరికి మొదటి దారిలోనే కొన్నాడు. పెళ్లిళ్ల సీజను మధ్యలో లెన్సు మొరాయిస్తే హైదరాబాదులో బాగుచేసేవాడు కావాలి, అంతే అతని లెక్క. ఇంట్లో ఊరికే పూలూ పిట్టలూ తీసుకునే నేనైతే మేనల్లుడినే ఆశ్రయించేవాణ్ణి. ధరలు చూసే తొందరలో జర్మన్ దుకాణంలో అతను ఖాతా తెరిచాడు, రోజుకొక ఈమెయిలు వస్తోంది. నేను చెప్పగా 'నా ఖాతా, వివరాలు చెరిపేయండి' అని ఒక్క వాక్యం రాశాడు. తొమ్మిదో రోజున చెరిపేశామని జవాబొచ్చింది. లెన్సు కొన్న ఇక్కడి యాప్‌కూ అదే వాక్యం పంపాడు. అక్కడి నుంచి లెన్సు మూతల మీద 40 శాతం తగ్గింపు అని సందేశం వచ్చింది.